హోరు లేని చోటు కోసం

సౌండ్ డిజైన్ కోర్సులో చేరానని చెప్పినప్పుడు మా ఇంట్లో ముందు నవ్వారు. నేను ఫీజు కట్టేసి వచ్చానని తెలిశాక నవ్వడం మానేశారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికొచ్చిన ఏడాది అది. మా వీధిలో నా ఈడు వాళ్ళంతా ఉక్కు ప్లాంటు ట్రైనీ ఉద్యోగాల పరీక్షకు గైడ్లు ముందేసుకుని కూర్చుంటే, నేను పోయి చప్పుళ్ళు చేయడం నేర్చుకుంటానన్నాను. భిలాయిలో అలాంటి కోర్సు ఒకటి ఉందని చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు కిటికీలు లేని పాత స్టోరు గది గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, తలుపు మీద స్టూడియో అని రాయించారు. ఆ అట్టల్లో బొద్దింకలు కాపురం పెట్టాయి. ఏడాది కోర్సులో అవి మాకన్నా బాగా స్థిరపడ్డాయి.

నాన్న రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేస్తాడు. పెళ్ళికి ముందు నుంచీ అదే మిల్లు. ఎదురుగా కూర్చున్న మనిషితో కూడా అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడతాడు. అది కోపం కాదని కొత్తవాళ్ళకు మేం చెప్పుకోవాలి. ఆ రోజు మాత్రం కోపమే. "సప్పుడుకి సదువేటే? నాను ముప్పై ఏళ్లనుంచి ఇంటన్నాను, నాకెవులూ సర్టిఫికెట్ ఇవ్వనేదు," అన్నాడు.

అమ్మ గొంతు పెంచలేదు గానీ ఆవిడదీ అదే మాట. ప్లాంటులో ఉద్యోగమంటే జీతమొకటే కాదు, క్వార్టరు, ఆసుపత్రి, పిల్లలకు బడి, అన్నీ ఒక్క గేటు దాటితే వచ్చేస్తాయి. శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబాలు ఇక్కడ నిలదొక్కుకున్నది ఆ గేటు పట్టుకునే. అలాంటిది చేతిలో డిప్లొమా పెట్టుకుని చప్పుళ్ళు చేయడం నేర్చుకుంటానంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నాకు పెళ్ళీడు వచ్చిందని గుర్తుచేయనందుకు సంతోషించాలి.

చివరికి నాన్న ఒక ఒప్పందానికి వచ్చాడు. ఏడాది నా ఇష్టం. ఆఖర్న మా ప్రాజెక్టు అందరి ముందూ వినిపించే రోజున తనూ అమ్మా వచ్చి కూర్చుంటారు. విన్నాక, ఇది ఒక పనే అని ఆయనకు అనిపిస్తే సరే. అనిపించకపోతే కిక్కురుమనకుండా ట్రైనీ పరీక్షకు కూర్చోవాలి. నేను ఎగిరి ఒప్పుకున్నాను. నాన్న ఎడమ చెవి సగం పనిచేయదని, ఆయనకు నచ్చేలా వినిపించడమంటే మాటలు కాదని ఆ పూట తట్టలేదు. తట్టాక నిద్ర పట్టడం మానేసింది.

నాకసలే కుదురు లేదు. కోర్సు మొదలయ్యాక అది ముదిరింది. మాకు చెప్పే మేడమ్ ముంబాయి స్టూడియోల్లో చాలా ఏళ్ళు పనిచేసి, భర్త ఉద్యోగం మీద కొత్తగా ఈ ఊరు వచ్చినావిడ. సినిమాలో మనం వినే అడుగులు, తలుపులు, చీర రెపరెపలు చాలావరకు షూటింగులో దొరికినవి కావని, తర్వాత ఒక మనిషి గదిలో కూర్చుని చేత్తో, కాలితో చేసినవని, ఆ పనిని ఫోలీ అంటారని ఆవిడ మొదటి రోజే చెప్పింది. మంట కావాలంటే పాలిథిన్ కవరు నలపాలి. ఎముక విరగాలంటే ముల్లంగి విరవాలి. పక్షి ఎగరాలంటే ఒక జత తోలు గ్లవ్స్ విదిలించాలి. నాన్న ప్లాంటు గ్లవ్స్ తెచ్చి విదిలిస్తే మా స్టూడియోలో గద్ద లేచింది. నాకు పిచ్చెక్కింది.

ఇక ఇంట్లో దేన్నీ ఊరికే ఉండనివ్వలేదు. గిన్నెలు మోగించాను, బీరువా తలుపు పదిసార్లు తీసి వేశాను, అమ్మ జడ దువ్వుకుంటుంటే దువ్వెన దగ్గర మైకు పెట్టాను. కూతుర్ని కన్నానో కిరాణా కొట్లో దూరే కోతిని కన్నానో తెలియడం లేదని అమ్మ పక్కింటి దీదీతో చెప్పుకుంది. ఆవిడ హిందీలో ఓదార్చింది. ఇద్దరూ కలిసి నన్ను జాలిగా చూశారు.

ప్రాజెక్టు పది నిమిషాల శ్రవ్య నాటకం. ఇద్దరిద్దరం ఒక జట్టు. నా జట్టువాడు భిలాయి-3 రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడు. వాళ్ళ తాత విజయనగరం నుంచి రైల్వే పనికి వచ్చాడు. ఇంట్లో ఆదివారం ప్రార్థన తెలుగులో, పోట్లాట హిందీలో. నాకన్నా ఒక ఏడాది చిన్న, అందుకని నన్ను దీదీ అంటాడు. నిదానం మనిషి. నేను నిప్పు తొక్కినట్టు తిరుగుతుంటే వాడు కేబుల్ చుట్టలు చుట్టుకుంటూ కూర్చుంటాడు. వాడు లేకపోతే నా పని మొదటి నెలలోనే అయిపోయేది. అది వాడికీ తెలుసు, అందుకే నన్ను అంత సహించాడు.

కథ మాత్రం నాదే. మా నాయనమ్మ చెప్పేది. శ్రీకాకుళం అవతల ఒక పల్లెలో చేపల వేటకు వెళ్ళిన మొగుడి కోసం ఒకావిడ ఒడ్డున కూర్చుని ఉంటుంది. గాలి లేస్తుంది, అందరి పడవలూ వస్తాయి, ఆయనది రాదు. ఆఖరికి వస్తుంది. అంతే కథ. నాయనమ్మ చెబుతుంటే ఆ పడవ వచ్చేదాకా ఊపిరి ఆగేది. నేను సముద్రం చూసింది విశాఖలో రెండుసార్లు. మా జట్టువాడు అసలు చూడనే లేదు. అయినా సముద్రం చేశాం. అమ్మ చేటలో బియ్యం పోసి, అటు ఒకసారి ఇటు ఒకసారి వంచుతుంటే కెరటం వచ్చి విరిగి వెనక్కి జారిపోయింది. మొదటిసారి హెడ్‌ఫోన్స్‌లో అది విన్నప్పుడు ఇద్దరం ఒకరి మొహాలొకరం చూసుకుని వెర్రిగా నవ్వాం. బియ్యం కాళ్ళ కింద పడుతోందని అమ్మ తిడుతున్న తిట్లు కూడా అందులో పడ్డాయి. వాటిని తర్వాత కోసేశాం.

ఏ నాటకానికైనా అడుగున నిశ్శబ్దం ఒకటి పరచాలి. మాటకూ మాటకూ మధ్య శుద్ధ శూన్యం ఉంటే చెవికి గోతిలో పడ్డట్టుంటుంది. అందుకని ఆ చోటి మామూలు గాలిని కాసేపు రికార్డు చేసి కిందంతా పరుస్తారు. మేం మా క్వార్టరు వెనక పెరట్లో, మధ్యాహ్నం వీధంతా తలుపులేసుకుని పడుకున్నప్పుడు, ఫ్యాన్లూ కూలర్లూ ఆపించి, కాకి కూడా అరవని సమయం చూసి ఆ నిశ్శబ్దం పట్టాం. ఎంత శుభ్రంగా వచ్చిందో. అంత మంచి నిశ్శబ్దం క్లాసులో ఇంకెవరికీ దొరకలేదని గొప్పలు కూడా పోయాను.

వినిపించే రోజుకు ఇంకా రెండు వారాలుందనగా మేడమ్ మా నాటకం వింది. సముద్రం దగ్గర తల ఊపింది. అడుగుల దగ్గర నవ్వింది. పూర్తయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి, "మీ పల్లె పక్కన ఫ్యాక్టరీ ఏమైనా ఉందా?" అని అడిగింది. లేదు మేడమ్, చాలా ప్రశాంతమైన ఊరు అన్నాను. మరి పడవకు ఇంజనుందా అంది. తెరచాప పడవ అని మా వాడు చెప్పాడు. ఆవిడ క్లాసు మొత్తాన్ని పిలిచి, మా నిశ్శబ్దాన్ని పెద్ద స్పీకర్లో పెట్టి, ఏం వినపడుతోందో చెప్పమంది. ఆవిడ అడగడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఏమీ వినపడటం లేదని అందరం ఒక్క గొంతుతో అన్నాం. అందరం ఈ ఊరి పిల్లలమే.

అప్పుడావిడ దాన్ని టక్కున ఆపింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆపింది. ఆపినప్పుడల్లా ఏదో తీసేసినట్టు తెలుస్తోంది. నాలుగోసారికో ఐదోసారికో నాకు తెలిసింది. అడుగున లావుగా, ఎక్కడా తెగకుండా, నేల లోపలి నుంచి వస్తున్నట్టు ఒక హోరు. ప్లాంటు. మా సముద్రం మీద, మా పడవ మీద, ఆ ఆడమనిషి ఎదురుచూపు మీద, పది నిమిషాలూ మా ప్లాంటు నడుస్తూనే ఉంది. పుట్టినప్పటి నుంచీ చెవిలో ఉన్నది కాబట్టి మా దృష్టిలో అదే నిశ్శబ్దం. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ముందు దాన్ని కంప్యూటర్లో కోసేయాలని చూశాం. హోరు ఉండేది బాగా కింది స్వరాల్లో కాబట్టి వాటిని తగ్గించుకుంటూ పోయాం. హోరుతో పాటు సముద్రం బరువూ పోయింది. బియ్యం బియ్యమైపోయింది. గొంతులు పాత టెలిఫోనులో మాట్లాడినట్టయ్యాయి. ఇలా లాభం లేదు, హోరు లేని చోటు వెతికి మొత్తం మళ్ళీ చేద్దామన్నాను. మా వాడు క్యాలెండరు చూశాడు, నన్ను చూశాడు, బైకు తాళాలు తీశాడు.

అవి మే నెల ఎండలు. మైకు, చేట, బియ్యం సంచి, ఇసుక ట్రే వేసుకుని ఊరంతా తిరిగాం. వైశాలి నగర్‌లో మా పిన్ని వాళ్ళ పూజగదిలో పరుపులు నిలబెట్టి, రజాయి కప్పుకుని లోపల కూర్చున్నాం. చెమటతో మైకు జారిపోతోంది. హోరు పలచబడింది గానీ పోలేదు. పైగా వెనక స్థలంలో ఇల్లు కడుతున్నారు, రాయి కోసే మిషను పెట్టారు. భిలాయి-3లో మా వాడి ఇంటికి వెళ్ళాం. అక్కడ గూడ్సు బళ్ళు. ఒకటి వెళ్ళిందని ఊపిరి పీల్చుకునేలోపు ఇంకొకటి పెట్టెలు గుద్దుకుంటూ వచ్చి ఇంటి ముందే నిలబడింది. వాళ్ళమ్మ నిమ్మరసం ఇచ్చి, రైళ్ళ చప్పుడా, ఎక్కడా అని మమ్మల్నే అడిగింది. ఎవరి ఇంటి చప్పుడు వాళ్ళకు లేదు.

చివరికి ఊరు దాటి పొలాల్లోకి పోయాం. అక్కడ నిజంగానే హోరు లేదు. నేను బియ్యం చేటలో పోశాను. మా వాడు వేలు పైకెత్తాడు. అప్పుడే పక్క ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు బయలుదేరింది. ఇక్కడి ధుమాల్ బాజా వినని వాళ్ళకు చెప్పలేను, లారీ నిండా డ్రమ్ములూ స్పీకర్లూ వేసుకుని వస్తారు, పొట్టలో పేగులు కదులుతాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు. నేను చేట నేలకేసి కొట్టాను. బియ్యమంతా దుబ్బుల్లో పడింది. మా వాడు వంగి ఏరడం మొదలుపెట్టాడు. వాడి ఆ నిదానం చూసి ఇంకా మండి, వాణ్ణీ నాలుగు మాటలన్నాను. వాడు పడ్డాడు.

అసలు బాధ వేరే. ఒకసారి వినపడ్డ హోరు ఇక పోవడం మానేసింది. అన్నం తింటుంటే ఉంది. స్నానం చేస్తుంటే ఉంది. మంచం పట్టెకు చెయ్యి ఆనిస్తే అందులో ఉంది. చెవిలో జోరీగను పెట్టుకుని తిరుగుతున్నట్టే. మా ఇంట్లో అందరం ఎందుకంత గట్టిగా మాట్లాడతామో, టీవీ ఎందుకంత పెద్దగా పెడతామో అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ దీని మీద నుంచి మాట్లాడుతున్నాం. దీనికి మా ఇంట్లో పేరు కూడా లేదు.

తెగించి నాన్ననే అడిగాను, ప్లాంటు ఎప్పుడైనా ఆగుతుందా అని. రికార్డింగుకు ఒక్క గంట చాలు. నాన్న చెంబెడు నీళ్ళు తాగి, చెంబు దించి, "ప్లాంటు ఆగడమేటే? ఇనుం కరిగే పొయ్యి సల్లారిపోతే అది మరి పొయ్యి కాదు," అన్నాడు. తర్వాత, ట్రైనీ పరీక్ష తేదీ వచ్చిందట, చూసుకున్నావా అన్నాడు. నేను విసురుగా లేచి పోయాను. నా ప్రాజెక్టు ఎక్కడి దాకా వచ్చిందో ఆయన అడగలేదు.

ఆ మర్నాడు నాన్నకు సెకండ్ షిఫ్టు. భోంచేసి, షూ బిగించుకుని, మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళిపోయాడు. అమ్మ వరండాలో గ్రిల్ పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. నేను కాలు కాలిన పిల్లిలా లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. అలా తిరగొద్దు, నాకు కళ్ళు తిరుగుతున్నాయంది. నేను ఆవిడ పక్కన కూలబడి, ఈ చప్పుడు నీకెప్పుడూ చిరాకు పుట్టించలేదా అని అడిగాను. ఏ చప్పుడు అంది. చేత్తో ప్లాంటు వైపు చూపించాను. అమ్మ కాసేపు అటే చూసింది.

"నాకినపడదే," అంది. "ఆగితే ఇనపడతాది."

తర్వాత వెల్లుల్లి ఒలుస్తూనే చెప్పింది. పెళ్ళై వచ్చిన కొత్తలో, ఇలాగే నాన్న డ్యూటీలో ఉన్న ఒక మధ్యాహ్నం, ఉన్నట్టుండి చుట్టూ ఏదో తేలికైపోయిందట. ఏమిటో తెలియలేదట. చేతిలో గరిట పట్టుకునే గేటు దగ్గరికి వచ్చేసరికి వీధిలో ఆడవాళ్ళందరూ ఎవరి గేటు దగ్గర వాళ్ళు నిలబడి ఉన్నారట. తెలుగువాళ్ళు, బిహారువాళ్ళు, ఛత్తీస్‌గఢీవాళ్ళు, అందరూ ప్లాంటు వైపే చూస్తూ. లోపల ఏదైనా ప్రమాదం జరిగిందేమోనని అందరి భయమట. కాసేపటికి తెలిసింది, ఒక భాగం మరమ్మతు కోసం వాళ్ళే ఆపారని. ఎవరికీ ఏమీ కాలేదు. డ్యూటీ దిగి నాన్న మామూలుగా వచ్చి టీ అడిగాడు. అమ్మకు ఆ రాత్రి జ్వరం వచ్చింది.

అప్పటి నుంచి వింటున్నావా అని అడిగాను. వినడమేమిటే, పనిలో ఉంటాను కదా అంది. చేతిలో వెల్లుల్లి ఆగలేదు. కానీ నేను ఆవిణ్ణే చూస్తున్నాను. తల ఒక్క పిసరు ప్లాంటు వైపు వంచి ఉంది. ఆవిడెప్పుడూ అలాగే కూర్చుంటుంది. మెడనొప్పి అనుకునేవాళ్ళం.

నేను లేచి మా వాడికి ఫోను చేసి, సముద్రం తీసేస్తున్నామన్నాను. సాయంత్రం పవర్ హౌస్ స్టేషన్ దగ్గర టీ కొట్టులో కలిసి, కొత్త కథ చెప్పాను. ఒక క్వార్టరు. ఒకావిడ. భర్త డ్యూటీకి వెళ్ళాడు. ఆవిడ వండుతుంది, బట్టలు మడత పెడుతుంది, పక్కింటావిడతో మాట్లాడుతుంది. అడుగున హోరు. చివర్లో హోరు ఆగుతుంది. ఆవిడ చేతిలో పని ఆగుతుంది. తర్వాత గేటు గడియ, షూ చప్పుడు, ఆయన వస్తాడు. అంతే.

"ఏం జరగట్లేదు కదా దీదీ," అన్నాడు వాడు. "ఒక ఆంటీ వంట చేస్తుంది, అంకుల్ ఇంటికొస్తాడు. బస్, అంతే. ఇదేం నాటకం?" అన్నాడు. పైగా వాడికి ఇంకో అనుమానం. హాల్లో వినిపించేటప్పుడు బయట అసలు హోరు ఎలాగూ ఉంటుంది, మనం రికార్డులో ఆపితే ఎవరికి తెలుస్తుంది అన్నాడు. ఇద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం. పక్కన ఆటోవాళ్ళు కూడా ఆగి చూశారు. మొగుడూ పెళ్ళాలమనుకున్నట్టున్నారు, సర్దుకుపొమ్మని ఒక భయ్యా సలహా కూడా ఇచ్చాడు.

జవాబు వాడే కనిపెట్టాడు, రెండ్రోజుల తర్వాత. మొదట హోరును ఉందో లేదో అన్నంత సన్నగా పెట్టాలి. ఎవరికీ తెలియకుండా, ప్రతి నిమిషమూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. చెవి దానికి అలవాటు పడుతూ వస్తుంది. చివరికి వచ్చేసరికి అది చాలా పెద్దదై ఉంటుంది, అయినా ఎవరూ గమనించరు. అప్పుడు ఆపితే, తలుపులేసిన హాల్లో బయటి హోరు ఆ తేడా ముందు లెక్కలోకి రాదు. వాడు ఇది చెబుతున్నప్పుడు వాడి కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, సమోసా కొనిపెట్టాను.

మిగిలిన రోజులు ఎలా గడిచాయో గుర్తు లేదు. మా నిశ్శబ్దం మా దగ్గరే ఉంది, దాన్నే హోరుగా వాడాం. అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు మైకు పెడితే ఆవిడ గిన్నెను కూడా మర్యాదగా పెడుతోంది, నిజం పోతోంది. అందుకని అన్నీ స్టూడియోలో నేనే చేశాను. ఉడికే అన్నానికి గిన్నెడు నీళ్ళలో స్ట్రా పెట్టి ఊదాను. మడత పెట్టే చీరకు నా చున్నీ. నాన్న పాత సేఫ్టీ షూ మా వాడు వేసుకుని, సిమెంటు పలక మీద ఇసుక చల్లి నడిచాడు. వాడివి పొడుగు అంగలు, చురుకైన అడుగులు. అలా కాదన్నాను. నాన్న షిఫ్టు దిగి వచ్చేటప్పుడు మడమ ముందు పడుతుంది, వేళ్ళు తర్వాత వాలతాయి, మధ్యలో ఒక చిన్న ఆలస్యం. అది నాకు ఇంతగా తెలుసని నాకే తెలియదు. వాడి చేత అలా నడిపించేసరికి సాయంత్రమైంది. ఆ అడుగులు మొదటిసారి సరిగ్గా పడ్డప్పుడు నాకు ఏడుపొచ్చింది. మేడమ్ చూడకుండా కేబుళ్ళ వెనక కూర్చున్నాను.

వినిపించే రోజు వచ్చింది. నాన్న సగం రోజు సెలవు పెట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, పెళ్ళికి వెళ్ళేటప్పుడు కట్టే వాచీ పెట్టుకున్నాడు. అమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుంది. మూడో వరసలో కూర్చున్నారు. నాన్న బాగా వినపడే కుడిచెవి స్పీకరు వైపు ఉండేలా కుర్చీ మార్చుకున్నాడు. ఆయన ఒప్పందాన్ని అంత నిజంగా తీసుకున్నాడు. ట్రైనీ పరీక్షకు ఇంకా పది రోజులుంది.

మా వంతు వచ్చేసరికి లైట్లు తగ్గించారు. తలుపులు వేశారు. నేను గోడకానుకుని నిలబడి జనాన్ని చూస్తున్నాను. గిన్నె మూత, ఉడికే అన్నం, చీర దులపడం. పక్కింటావిడతో మాటలకు కొందరు నవ్వారు. సగానికి వచ్చేసరికి ఒకాయన ఆవులించాడు. ఒకమ్మాయి ఫోను చూసుకుంటోంది. మా వాడు చెప్పినట్టు ఏమీ జరగడం లేదు. అయిపోయింది, పోయి గైడు కొనుక్కోవడమే అనుకున్నాను. నాన్న నిటారుగా కూర్చుని, కనుబొమలు ముడిచి వింటున్నాడు. ఆయన మొహంలో నాకేమీ కనిపించలేదు. హోరు పెరుగుతోంది. నాకు తెలుసు కాబట్టి నాకు వినపడుతోంది. ఇంకెవరికీ వినపడటం లేదు.

ఆగింది.

ఆవులించినాయన తలెత్తాడు. ఫోనులో ఉన్నమ్మాయి తలెత్తింది. తలుపు దగ్గరున్న వాచ్‌మన్ సందులోంచి బయటికి చూశాడు. హాలంతా ఒక్కసారి అటూ ఇటూ చూసింది. మా అమ్మ లేచి నిలబడింది. అందరి మధ్యా, చీకట్లో, అంత ఎత్తున నిలబడిపోయింది. ఆవిడ కళ్ళు తలుపు వైపున్నాయి. కుడిచేత్తో పక్కన తడుముకుంటూ నాన్న భుజం దొరికించుకుని, చొక్కా గుప్పిట్లో పట్టేసింది. ఆయన అక్కడే ఉన్నాడు, పక్క కుర్చీలోనే. అయినా పట్టుకుంది.

స్పీకర్లో గేటు గడియ తీసిన చప్పుడు వచ్చింది. మడమ, వేళ్ళు. మడమ, వేళ్ళు. అమ్మ ఇంకా నిలబడే ఉంది. లైట్లు వేశాక చుట్టూ చూసుకుని, కొంగు లాక్కుని, గబుక్కున కూర్చుంది. చప్పట్లు కొట్టారు. మేడమ్ వచ్చి నా వీపు తట్టి ఏదో అంది, నాకు ఎక్కలేదు. నాన్నకు అసలు ఏం వినపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన స్పీకరు వైపు చూడటం లేదు. అమ్మనే చూస్తున్నాడు, పెళ్ళై ఇన్నేళ్ళకు ఎవరో కొత్తగా పరిచయం చేసినట్టు.

స్కూటర్ స్టాండు దగ్గర వాళ్ళను కలుసుకున్నాను. అమ్మ మొహం ఎర్రగా ఉంది. "అలాటియి సెయ్యకే మరెప్పుడూ," అంది, నా వైపు చూడకుండా. నాన్న రుమాలు తీసి సీటు మీద దుమ్ము తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. నేనే ఆగలేక, పరీక్షకు హాల్ టికెట్టు తీసుకోవాలి కదా అన్నాను. ఎలాగూ అనబోతున్నాడు, ముందే అనేస్తే పోతుందని.

"ఎల్లొద్దు," అన్నాడు.

ఎందుకని అడిగాను. ప్లాంటు ఉద్యోగం వద్దని మా నాన్న నోట నేను వినడం అదే మొదలు. ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంత పెద్ద గొంతు మనిషి, ఆ మాట మాత్రం అమ్మకు వినపడకూడదన్నట్టు, నా చెవి దగ్గరికి వచ్చి చెప్పాడు.

"ఇన్నేళ్ళూ మీ అమ్మ ఒకలికోసం ఇన్నాది. సాలు. మరొకలికోసం ఇనీ ఓపిక నేదే."